కాడ కోసిన చెయ్యి

పూలకొట్టు షట్టరు అప్పుడే ఎత్తారు. అక్క బకెట్లలో నీళ్లు మారుస్తోంది. చెల్లెలు తువ్వాలు చుట్టిన స్టీలు కూజాను బల్ల మీద పెట్టి, దాని మీంచి చెయ్యి తియ్యకుండా నిలబడింది.

“పూలు వాడలేదని కంగారుపడతావేంటే? మన కొట్టుకొచ్చేవాళ్లంతా వాడిపోయాయని గొడవ.”

“ఒక్కసారి చూడక్కా. పోయిన వారం నువ్విచ్చిన గులాబీలు. నేను నీళ్లు మార్చనేలేదు.”

“మార్చి మర్చిపోయుంటావు.”

“ముట్టుకోలేదు. పాపకి జ్వరం. దాని చుట్టూ తిరగడంతోనే సరిపోయింది. ఈపాటికి ఇవి మెడలు వాల్చేయాలి. చూడు, ఎలా ఉన్నాయో.”

“రేకు గట్టిగానే ఉంది... పాపే మార్చిందేమో.”

“అలమారా పైన పెట్టాను. దానికి అందదు.”

“మీ ఇంటి ఓనరమ్మ?”

“ఊళ్లో లేదు.”

“నువ్వీమధ్య తాడుని చూసినా పామంటున్నావు. ఇలా ఇవ్వు, ఒకటి తీస్తాను. కింది ఆకులు తీసేసున్నాయే.”

“నేను తియ్యలేదు.”

“కాడ కూడా కొత్తగా కోశారు.”

“ఏ వైపుకి?”

“ఏ వైపుకేంటి, ఏటవాలుగా—”

“నువ్వు కోసిన కాడ పక్కన పెట్టి చూడక్కా.”

“ఉండు.”

“రెండూ ఒకేలా ఉన్నాయా?”

“ఇది ఎడమచేతివాటం.”

“నాకూ అలాగే అనిపించింది. నా కళ్ల మీద నాకే నమ్మకం లేక నీ దగ్గరికి పట్టుకొచ్చాను.”

“లోకంలో ఎడమచేతివాడు వాడొక్కడేనా?”

“పెళ్లయిన నాటినుంచి ఆయన కొట్లో ఆయన పక్కనే నిలబడి పూలు కట్టాను. ఆ కోత నాకు తెలీదా?”

“ఇంకా ఆయనేంటి? నీ చెయ్యి విరగ్గొట్టినవాణ్ని పట్టుకుని. అయినా నువ్విక్కడున్నావని వాడికెలా తెలుస్తుంది? నాకూ, మీ ఇంటి ఓనరమ్మకీ తప్ప తెలీదు.”

“ఆయన ఇక్కడికొచ్చాడా?”

“ఎక్కడికి?”

“నీళ్లు నమలకు.”

“...వచ్చాడు. నువ్వు అప్పుడే ఇంటికి బయల్దేరావు. నువ్వెక్కడున్నావో నాకేం తెలీదన్నాను. సరే వదినా అని దండం పెట్టి మరీ వెళ్లాడు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే నిద్రపోయేదానివా?”

“వెళ్లలేదక్కా. నా వెనకే వచ్చుంటాడు. నేను అటూ ఇటూ చూసుకోకుండా నడిచెళ్లిపోయుంటాను.”

“నాదే తప్పు. సరేనా? ముందు ఆ తాళం మార్పించు.”

“నిన్న సాయంత్రమే మార్పించాను. ఆరేసిన చీర మడతపెట్టి కనపడింది. నేనే పెట్టానో, ఏమో, గుర్తురాలేదు. ఎందుకైనా మంచిదని మార్పించేశాను.”

“హమ్మయ్య. అయితే ఈ వేషాలన్నీ అంతకు ముందువే. ఇక రాలేడు. పాపేది?”

“నిద్రపోతోంది. జ్వరం ఇప్పుడే దిగింది, లేపబుద్ధి కాలేదు. స్నానం చేసొచ్చి, కూజా తీసుకుని, బయట కొత్త తాళం వేసి వచ్చాను. చెవి ఇదిగో, కొంగుకే ఉంది.”

“మంచి పని చేశావు. అది ఇలా ఇవ్వు, పారబోస్తాను. వాడి చెయ్యి పడ్డ నీళ్లు మన కొట్లో వద్దు.”

“నేను పోస్తాలే.”

“వదలవే. ...ఏంటా చప్పుడు? లోపలేదో గలగలమంటోంది.”

“నేనేం వెయ్యలేదు.”

“ఐసు ముక్కలు.”

“ఐసా?”

“ఇదిగో, నా చేతిలో ఉన్నాయి.”

“ఎండాకాలం మా కొట్లో వేసేవాడు. పూలు డస్సిపోకుండా. కరిగిపోతాయని మాటిమాటికీ వేస్తూనే ఉండేవాడు.”

“నిన్నటి ఐసు ఇప్పటిదాకా ఉంటుందటే?”

“అక్కా.”

“నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు తలుపు?”

“లోపల గడియ వేసే వెళ్లాను. వచ్చాక నేనే తీశాను.”

“మీ ఇంట్లో అటక ఉందా?”

“పాపనీ, ఆయన్నీ కలిపి లోపల పెట్టి తాళం వేసొచ్చానక్కా.”