మొదటి లాగిన్

ఆఫీసులో సర్వర్ల పక్క గదిలో బావ, బావమరిది ఒకే తెర ముందు కూర్చున్నారు. డేటాబేస్ మెషీన్లన్నిటినీ ఇన్నేళ్లూ నల్ల తెర మీద కమాండ్లు కొట్టి నడిపింది బావే. వాటిని బ్రౌజర్లోంచే నడిపే కన్సోల్‌ను ఇవాళ బావమరిది పెట్టాడు. అది బావకు మింగుడుపడలేదు.

“మెషీన్లన్నిటికీ కలిపి ఉన్న క్లస్టర్ పాస్‌వర్డ్ అడుగుతోంది బావా. నీకొక్కడికే తెలుసు.”

“మర్చిపోయాను.”

“పొద్దున కూడా కొట్టావుగా.”

“వేళ్లకు గుర్తుంటుంది, నోటికి రాదు. అయినా బొమ్మలు నొక్కేవాడికి పాస్‌వర్డ్ ఎందుకోయ్?”

“అది ఇస్తేగానీ ఇందులో ఒక్క మెషీనూ కనబడదు. మేనేజర్ గారు చూడ్డానికి వస్తున్నారు.”

“రానీ. నిన్ను నెత్తిన పెట్టుకుంటారు.”

“మొదట ఎవరు లాగిన్ అయితే కన్సోల్‌కి వాళ్లే యజమాని బావా. అందుకే నేను కాలేదు. నీ పేరే కొట్టి ఉంచాను, చూడు.”

బావ చూశాడు. నిజంగానే తన పేరే ఉంది.

“దీనికి మేనేజర్ ఒప్పుకున్నాడా?”

“మొదట వద్దన్నారు. నేనే బతిమాలి ఒప్పించాను.”

బావ ముఖం ఇంకాస్త ముడుచుకుంది.

“అయితే ఈ యజమానితనం నువ్వు ఇప్పించిందేనన్నమాట,” అంటూ కీబోర్డును తన వైపు లాక్కున్నాడు. “అటు తిరుగు. పాస్‌వర్డ్ కొట్టాలి.”