బొగ్గుకి తాత పెట్టిన అంబలి

"మామ్మా, సంతలో ఈ కుక్కపిల్లని తెచ్చినాను. గిన్నె దించీ లోపే మూతి ఎట్టీస్తంది. కొట్టడానికి నాకు సెయ్యి రావట్నేదు. ఎలగ నేర్పాల?" అని ఎదురింటి మామ్మని అడిగినాను. మామ్మ అరుగు మీద సిక్కుడు కాయలు ఒలుస్తంది. తాత పక్కన నడుం వాల్సినాడు. సెల్లులో రికార్డు పెట్టినాను. మామ్మ సెప్పింది ఇది:

కొట్టకు. కొడితే నువ్వున్నప్పుడే బుద్దిగుంటాది, నువ్వటెల్తే మళ్ళీ అదే పని. ఇలగియ్యి, ఒళ్ళో ఎట్టు. ఏటి, కడుపింత ఉబ్బుంది? పాలెక్కువ పోసీసినావు. కొంచెం కొంచెం పొయ్యాల.

మా బొగ్గూ ఇలగే ఉండీది. నల్లగుందని బొగ్గన్నాం. అప్పుడు కొండ మీద మాకు సోడి సేను, అదే రాగుల సేను, ఉండీది. ఉండీది ఏటి, ఇప్పుడూ ఉంది, అప్పుడింకా పెద్దది. అడివి పందులు పడి తవ్వీసేవి. కావలికని మా అప్ప ఇంటికాడ్నుంచి తెచ్చినాం. కుక్కపిల్లకి డబ్బులియ్యకూడదు మాలో. పాలిచ్చిన తల్లికుక్కకి సోడి రొట్టి పెట్టి, పిల్లనట్టుకొచ్చీడమే. ఇప్పుడు సంతలో అమ్మీస్తన్నారు. సర్లే.

అది అంబలి కుండలో మూతెట్టీసీది. ఓపాలి కాదు. తాత ఏటన్నాడంటే, "ఇంకోపాలి ఎడితే అడివిలో ఒగ్గేస్తాను" అన్నాడు. ఈ మనిసి అన్నాడంటే సేస్తాడు.

మరి నానేటి సేసినాను, గిన్నెలో అంబలి పోసి, సెయ్యి అడ్డమెట్టి కూకునీదాన్ని. మూతెడితే గిన్నె ఎత్తీడమే. తిట్టను, కొట్టను. ఎనక్కి జరిగి కూకుందనుకో, తల నిమిరి "తిను" అనీదాన్ని. బేగి నేర్సీసుకుంది. కుండ మూత తీసున్నా అటు సూసీది కాదు.

ఇంతలో కూతురు పురుడని అరకు ఎల్లినాను. ఇక్కడ బొగ్గు తిండి ముట్టదు. తాత తల నిమిరి "తిను" అంటాడు, అది గుమ్మం దిక్కు సూస్తాది. కోడి కూర పెట్టినా అంతే. డొక్కలంటుకుపోనాయి. మనకి సిగ్నలు ఆ బండ మీదకెక్కితేగానీ రాదు కదా, కుక్కనెత్తుకుని ఎక్కి పోను సేసినాడు.

"నీ కుక్క సచ్చిపోతంది. సెప్పు దీనికి" అన్నాడు.

స్పీకర్లో "తిను నాయినా" అన్నాను. అది పోను ఎనక్కెల్లి నాకోసం ఎతికిందట. తిన్నేదు. బాలింతని ఒగ్గేసి నానెలగ రాను సెప్పు?

అప్పుడీ మనిసి దండెం మీదున్న నా పాత సీర సుట్టుకున్నాడు.

"సుట్టుకోనేదు. బుజం మీదేసుకున్నాను" అన్నాడు తాత, కళ్ళు తెరవకుండానే.

బుజం మీదేనా? ముసుగుతో సహా సూసింది కదా పక్కింటి మంగ. నాననుకుని "ఏటి అప్పా, మొగుడికి సెప్పకుండా ఎక్కడికెల్తన్నావు?" అందట. సరే, బుజం మీదే అనుకో. ఆ సీరతో గిన్నె కాడ కూకుని తల నిమిరితే, బొగ్గు సీర కొంగు వాసన సూసి సూసి, అంబలి తాగీసింది. నానొచ్చీదాకా అలగే పెట్టినాడు. అడివిలో ఒగ్గేస్తానన్న మాట మళ్ళీ అననేదు.

అందుకని సెప్తన్నాను బాబూ, నేర్పీది మెల్లగానే నేర్పు, గానీ నువ్వొక్కడివే పెట్టకు. మీ అమ్మ సేత, సెల్లి సేత కూడా పెట్టించు.

బొగ్గు ముసల్దైపోనాది. అల్లదిగో, పొయ్యి కాడ. ఇప్పుడు నా సీర లేకపోయినా తాత పెడితే తింటాది. అయినా నానూరెల్లినప్పుడల్లా ఆ సీర ఉతక్కుండా దండెం మీద ఒగ్గేసి ఎల్తాను. తీసీమని తాత ఓపాలైనా అననేదు.

నువ్వూ నీ కుక్కపిల్లా సల్లగుండాల. ఎల్లు మరి, మబ్బు పడతంది, నాకింకా ఈ కాయలు…