ఊరి బయట స్టార్టయిన బండి

“స్టార్టయింది! ఇన్యావా?”

“ఇనకేమండీ, సాదల ఊరంతా ఇనుంటాది!”

ఇంట్లో పెంచే పట్టుపురుగులకు పొగ పడదని, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఆ పాత మోటార్‌సైకిల్‌ను కొత్త దంపతులు ఊరి బయటిదాకా తోసుకొచ్చారు.

“ఈపొద్దు స్టార్ట్ కాకుంటే పాత ఇనుముకు ఏసేస్తానని అత్తమ్మ అనిందే, ఇంక యాడ ఏస్తాది?”

“అందుకే ఇడవకుండా కిక్కు కొట్టినా.”

“ఇంజనంతా ఊడదీసి మళ్లా బిగిచ్చినారు. మీ చేతులకు దిష్టి తీయాల!”

“ఒక బోల్టు మిగిలిపోయిందిలే.”

“అయ్యో, దేనిది?”

“తెలీదు. అది లేకుండానే ఎట్ల తిరుగుతాండాదో చూడు.”

“ఎంత బాగుండాదో ఆ సద్దు! మన పెండ్లి మేళం కూడా ఇంత బాగలేదు.”

“రేపు పురుగులకు ఆకేసి యాడికన్నా పోదామా?”

“మా పుట్టినూరు చాకవేలుకు. మా నాయనకు చూపించాల.”

“బండినా?”

“దాన్ని బతికించిన మిమ్మల్ని. పొద్దున్నే బయల్దేరదాం.”