ఉప్పు చూడని పులుసు

ఆగు. ఆ సంచి పట్టుకొని నా గడప దాటకు హన్మంతూ. మనిషన్నంక జర సిగ్గుండాలె. నలభై ఏండ్ల మొగోనివి, ఆర్టీసీల కండక్టరువి, రవ్వచేపను సంచిల ఏసుకొని పొద్దుగాల్నే అక్క ఇంటిముంగట నిలబడి వండిపెట్టమంటవా?

పైగా శనివారం. నేను ఒక్కపొద్దున్న నాడే నీకు నీసు యాదికొచ్చిందా?

ఏమంటివి? సమ్మెల హోటళ్ళు బందున్నయా? ఉంటయి. సకల జనుల సమ్మె అన్నంక హోటలోడు మాత్రం జనం గాదా? మూడు నెలల సంది ఆ హోటల్ల కూసోని తింటివి, ఒక్కసారన్న అక్క యాదికి రాలె. ఇయ్యాల షట్టర్ పడంగనే నేను కనబడ్డ.

నేను వండ. ఎనిమిదేండ్ల సంది బళ్ళె పిల్లలకు వండుతున్న. నూట అరవై మందికి. ఒక్కనాడు అన్నం ముద్ద గాలె, పప్పు అడుగంటలె. వండొస్తది నాకు. కాని ఇయ్యాల నువ్వు వండుతవు. వాకిట్ల పొయ్యున్నది, కత్తిపీటున్నది. కూసో. పీట కాదు, కిందనే కూసో.

చేప కొయ్యరాదా? టికెట్లు కొట్టుడు మన అవ్వ కడుపులనే నేర్చుకొని వచ్చినవా?

పొయ్యిలకెల్లి ఇంత బూడిద తీస్కో, చేతులకు రాసుకో. లేకుంటె జారుతది. తోక పట్టుకొని తలకాయ దిక్కు గీకు, పొలుసు అదే లేస్తది. గట్ల కాదు, మెల్లగ. చేప నీ పెండ్లాం కాదు, అంత కోపం దేనికి?

కడుపు కోసేటప్పుడు పైలం. లోపట పచ్చగ చేదుతిత్తి ఉంటది, అది పగిలిందంటె కూరంత చేదే. ఆ, తీసి అటు పారెయ్.

ఇప్పుడు పిడికెడు దొడ్డుప్పు, ఇంత పసుపు ఏసి ముక్కల్ని రుద్దు. మూడు నీళ్ళు పొయ్యాలె. మూడో నీళ్ళల్ల నీ మొకం కనబడాలె. కనబడ్డదా? మంచిగ చూస్కో. జూన్ల, మిరుగం కార్తె పడ్డ వారానికి, వంటా వార్పు నాడు జనగామ రోడ్డు మీద నలుగురు చూసింది గీ మొకాన్నే.

మరిచిపోయినవా? నేను మరువలె. డాంబరు రోడ్డు నడుమ రాళ్ళు పెట్టి పొయ్యిలు ముట్టించినం. హైదరాబాద్ పొయ్యే బండ్లు అటు, వరంగల్ పొయ్యే బండ్లు ఇటు, ఎక్కడియి అక్కడ ఆపినం. ఆడోళ్ళం వండినం, మీరు మైకుల మాట్లాడిండ్రు. నువ్వే గద మాట్లాడింది. మన మాటను ఎక్కిరించిండ్రు, మన తిండిని ఎక్కిరించిండ్రు, మాకు కావాల్సింది ఆత్మగౌరవం అన్నవు. నేను చప్పట్లు కొట్టిన. మా తమ్ముడే అని పక్కనామెకు చెప్పుకున్న గూడ.

గంట గాలె. నీ పెండ్లాం రుక్మిణి నలభై మందికి వండిన పులుసు మీ డిపోవోళ్ళ కంచాలల్ల పడ్డది. ఒక్క ముద్ద తిన్నడో లేదో, ఆ డ్రైవర్ దస్రు నీ దిక్కు చూసి నవ్విండు. "ఏందన్నా, సముద్రం ఆంధ్రల ఉన్నదంటరు గద. మీ ఇంటామె గంజుల పోసుకొచ్చిందా?" అన్నడు.

గంతే. అందరు నవ్విండ్రు. గా నవ్వు ఓర్వకపోతివి. లేచి గంజును కాలుతోని తన్నినవు. ఎర్రటి పులుసు డాంబరు మీద పారింది, చేప ముక్కలు మట్టిల పడ్డయి. అంతటితోనన్న ఊకున్నవా? "ఉప్పుకారం తిన్న మనిషివేనా, ఉప్పెంత ఎయ్యాల్నో మీ అవ్వ నేర్పలేదా?" అన్నవు. ఆ పిల్లకు అవ్వ సచ్చిపోయి ఏడాది గూడ గాలె.

రుక్మిణి కొంగుకు చేతులు తుడుచుకొని రైలు స్టేషను దిక్కు నడిచింది. బస్సుకు పోదామంటె రోడ్డు మనమే ఆపితిమి.

ఆత్మగౌరవం అంటే ఏంది తమ్మీ? ఢిల్లీవోళ్ళు మూటగట్టి పంపేదా? ఇంట్ల ఉన్నదాన్ని కాలుతోని తన్నెటోనికి ఎంతిస్తె సరిపోతది?

మాట్లాడకు. కొయ్యి.

ముక్కలు ఒకటి పెద్దగ, ఒకటి చిన్నగ, ఏడ్చినట్టున్నయి. కానియ్. నడిమి ముక్కలు వేపుడుకు తీసిపెట్టు. తలకాయ, తోక పులుసుకు. వేపుడుకు ఏం లేదు. ఉప్పు, పసుపు, కారం, ఇంత అల్లమెల్లిగడ్డ రాసి పక్కకు పెట్టాలె. పెనం మంచిగ కాగినంకనే ముక్క ఎయ్యాలె. ఏసినంక ముట్టకు. కాలితె అదే పెనాన్ని ఇడుస్తది, అప్పుడు తిప్పు. ఆగలేక గెలికినవనుకో, సగం ముక్క పెనానికే పోతది. నీకు ఆగుడు రాదు గద, అందుకే చెప్తున్న.

పులుసు గూడ అంతే సులువు. ఉల్లిగడ్డ నిప్పుల మీద కాల్చి నూరు. నూనెల పది మెంతిగింజలు ఎయ్యి, నూరింది ఏసి పచ్చివాసన పొయ్యేదాక ఏంచు. కారం, పసుపు, చింతపండు పులుసు. మసిలినంకనే ముక్కలు. ముక్కలు పడ్డంక గంటె పెట్టకు, చెదురుతయి. బట్టతోని గంజును రెండు దిక్కుల పట్టుకొని జర తిప్పు. ఆ, గట్లనే. కాలిందా? కాలుతది. పన్నెండేండ్లు ఆమెకు గూడ కాలింది.

ఏమంటివి?

ఉప్పెంత ఎయ్యాల్నా?

నన్నడగకు. ఇంత ఎయ్యి, నోట్ల పెట్టుకొని చూడు, తక్కువైతె మల్ల ఇంత ఎయ్యి. వాసన చూసి చెప్పక్కా అంటవేంది? ఇప్పుడు చెప్ప. చెప్పుడు బందువెట్టిన.

ఎందుకంటవా? వంటా వార్పు గూడ శనివారమే పడ్డది. నాకు ఒక్కపొద్దు. ఇరవై రెండేండ్ల సంది శనివారం నీసు నోట్ల పెట్టలె, తప్పలె. ఒక్కపొద్దున్నా సరే, మూత తీసి వాసన చూస్తె ఉప్పు ఎంతున్నదో సరోజన చెప్తదని బళ్ళె పంతులు కాడికెల్లి పిల్లల దాక అందరంటరు. నేను గూడ అట్లనే అనుకున్న.

ఆ నాడు రుక్మిణి నీళ్ళకు పోయింది. పులుసు మసులుతున్నది. నేను మూత తీసి వాసన చూసిన. ఉప్పు లేదనిపించింది. నిజంగ అనిపించిందో, ఆ పిల్ల మరిచిపోయే ఉంటదనుకున్ననో ఇప్పుడు చెప్పలేను. ఆ పిల్ల చేతిమీద నాకు ఎప్పుడూ నమ్మకం లేకుండె. మూడు పిడికిళ్ళ దొడ్డుప్పు ఏసిన. అప్పటికే ఆమె బిందె ఎత్తుకొని వస్తున్నది, చూసింది. "వదినె, నేను ఏసిన గద" అన్నది. "నలభై మందికి ఆ మాత్రం పడ్తది, నాకు చెప్పొస్తవా, పో" అన్న.

నువ్వు గంజు తన్నినప్పుడు ఆమె నీ దిక్కు చూడలేదు రా. నా దిక్కు చూసింది.

నేను గంటె కడుగుతున్న. కడిగిన గంటెనే మల్ల కడిగిన. ఉప్పు నేనేసిన అని ఒక్క మాటంటె అయిపోతుండె. కాని నలభై మంది ముంగట నా పేరు పోతుండె. పోనియ్యలె.

లేవకు. పులుసు పొయ్యి మీదున్నది. నా మీద కోపమొస్తున్నదా? రానియ్, రావాలె గూడ. కాని ఉప్పు నాది, కాలు నీది. నీ కాలును నా ఉప్పు కింద దాసుకోకు.

సమ్మెకు ముందు, బస్సులు తిరిగేటప్పుడే, నీకు చెప్పకుండ రుక్మిణి తల్లిగారూరు చిట్యాలకు పోయిన. వాళ్ళ నాయిన ముంగటనే అంత చెప్పిన. తప్పు నాది బిడ్డా అన్న. ఏడుస్తదనుకున్న, లేకుంటె తిడ్తదనుకున్న. తిట్టినా బాగుండు. కుర్చీ తెచ్చి ఏసింది. నీళ్ళిచ్చింది, చాయ పెట్టింది. "మీరు ఇంత దూరం వచ్చి చెప్పిండ్రు, మంచిదండి" అన్నది.

మీరు. పన్నెండేండ్లు నా మోకాళ్ళకు నూనె రాసిన పిల్ల. "వదినె, నువ్వు తిన్నవా" అని అడగకుండ కంచం ముంగట కూసోని పిల్ల. దఫ్తరుల సారుతోని మాట్లాడినట్టు మాట్లాడింది.

నీ సంగతి గూడ అడిగిన. "ఆయన ఒక్క పూట తన చేతులతోని వండుకొని తినమనండి, అప్పుడు చూద్దాం" అన్నది. అందుకే నిన్ను కత్తిపీట ముంగట కూసోబెట్టిన. నీకు ఇంకా దారున్నది. సమ్మె అయిపోంగనే ఫస్టు బస్సుకు నువ్వే పో. నన్ను ఎంటబెట్టుకోకు. నేనొస్తె పని చెడ్తది.

దించు ఇగ. ఉప్పు చూసినవా? సరిపోయిందా? నువ్వంటె సరిపోయినట్టే.

మొన్న రుక్మిణి ఫోన్ చేసింది. రేషన్ కార్డు జిరాక్సు కావాల్నట. "సరోజనగారూ, మీరు బాగున్నరా అండి" అని అడిగింది.

ఏమంట? బాగున్ననండి అన్న.