నిట్టూర్పుల బస్సు

"యుద్ధం ఎవరెవరో కూర్చుని మాట్లాడుకుని ఆపారని రేడియోలో చెబుతున్నారు కదా అల్లుడూ, పాపం వాళ్లకి అసలు సంగతి అందలేదు. కూర్చో. ఆ బల్ల మీద కాదు, దానికి ఒక కాలు పొట్టి. ఈ కుర్చీలో కూర్చో. వదినా, అల్లుడికి టీ! చక్కెర వేసి!"

"వేస్తాలే మరిదీ. చక్కెర దొరికినట్టు ఊరంతా చాటక్కర్లేదు," అంది టీ కొట్టావిడ.

ఆవిడ అల్లుడు ఆ పొద్దునే సరిహద్దు నుంచి దిగాడు. ఇంకా యూనిఫాం విప్పలేదు. తను లేనప్పుడు పుట్టిన కూతుర్ని మొదటిసారి ఎత్తుకుని, ముద్దులాడి, కొట్టు ముందుకొచ్చి నిలబడ్డాడు. నిలబడ్డవాడు ఊరుకోక ఒక మాట అడిగాడు. "అప్పుడు బళ్లేవీ తిరగలేదన్నారు కదా, నొప్పులొస్తే ఆసుపత్రికి ఎలా తీసుకెళ్లారు?" అని. అడిగినది మంచి మాటే గానీ, అడగకూడని మనిషిని అడిగాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. మా వీధంతా గేరు మామ అంటుంది. ఒక్కసారి గేరు వేశాడంటే ఆయన నోటికి బ్రేకు లేదు.

"మొదట్నుంచి చెబుతా విను. యుద్ధం మొదలవగానే డీజిలంతా మీకే పంపేశారు. పంపాలి మరి, కాదన్నామా? డిపోలో బస్సులన్నీ తోమని గిన్నెల్లా వరసగా పడున్నాయి. మేనేజరు మమ్మల్ని ఇళ్లకి పొమ్మన్నాడు. అందరూ పోయారు, నేను పోలేదు. నా బండి ట్యాంకు అడుగున ఒక చెంచాడు డీజిలుంది. స్టార్టు చేశాను, మిట్ట మీదికి ఎక్కించాను, ఇంజను ఆపి పల్లంలోకి వదిలాను. పల్లంలో బండిని వదిలేస్తే ఎంత దూరం పోతుందో ఎవరు చెప్పగలరు?"

"నోటిని వదిలేస్తే ఎంత దూరం పోతుందో మాత్రం మేం చెప్పగలం," అన్నాడు దర్జీ.

"నువ్వు కత్తెర మూసుకో. ఆ చెంచాడుతో నెల నడిపాను అల్లుడూ. ఇందులో నా గొప్పేం లేదు, చెయ్యి తిరిగిన డ్రైవరెవడైనా చేస్తాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెంచా ఖాళీ అయింది," అన్నారు లెక్కల మాస్టారు.

"అదీ చదువంటే! ఖాళీ అయింది. అప్పుడు నా చూపు మీ అత్తగారి బాణలి మీద పడింది. మాడి నల్లబడి, పారబొయ్యడానికి పక్కన పెట్టిన నూనె. వడగట్టి ట్యాంకులో పోశాను. ఇంజను ఒకసారి దగ్గి అందుకుంది. బస్సు వెనక్కాల్నుంచి పొగ, పొగ నిండా కమ్మటి వేపుడు వాసన! నూనె ధర ఆకాశానికెక్కాక ఈ ఊళ్లో ఏ పొయ్యి మీదా చుయ్యిమన్న చప్పుడు లేదు. అందరిదీ ఉడకేసుకుని తినే బతుకే. అలాంటి జనం ముక్కుకి ఆ వాసన తగిలితే ఆగుతారా? ఉట్టన్నం పళ్లాల్లో పెట్టుకుని బస్సు వెనక పరిగెత్తుతూ పొగ నంజుకుని తిన్నారు. ఈ మంగలి రెండు ముద్దలు ఎక్కువే లాగించాడు, కావాలంటే అడుగు."

"పొగలో ఉప్పు తగ్గింది మామా," అన్నాడు మంగలి.

"ఉప్పు ధర పెరిగింది కదరా! సరే, ఆఖరికి మాడిన నూనెకి కూడా గిరాకీ వచ్చింది. మీ అత్తగారు బాణలికి తాళం వేసింది. బస్సు స్టాపులో నిలబడిపోయింది. అయినా జనం ఎక్కి కూర్చునేవాళ్లు. ఎందుకంటావా? ఇంట్లో కూర్చుంటే పిల్లలు తినడానికేదైనా పెట్టమంటారు, బస్సులో కూర్చుంటే ఎవరూ ఏమీ అడగరు."

మా నవ్వు ఒక్క క్షణం ఆగింది. ఆయన ఆగలేదు.

"అలా కూర్చున్నప్పుడు వెనక సీట్లో ఒకావిడ పక్కావిడకి సబ్బు ధర చెప్పింది. ఇద్దరూ కలిసి 'హుఁ' అని ఒక నిట్టూర్పు విడిచారు. అల్లుడూ, నీ మీద ఒట్టు, బస్సు జానెడు ముందుకి జరిగింది!"

"నా మీద ఎందుకు మామయ్యా ఒట్టు? ఇప్పుడే కదా బతికి బయటపడ్డాను."

"సరే, మాస్టారి మీద ఒట్టు."

మాస్టారు ఉలిక్కిపడ్డారు. "లోపల కూర్చుని గాలి వదిలితే బండి ఎలా కదులుతుందయ్యా? సూత్రం ఒప్పుకోదు."

"ఆ సూత్రాలు శాంతిగా ఉన్న రోజుల్లో రాసినవి మాస్టారూ! అయినా మీ మాట ఎందుకు కాదనాలి? అందరినీ కిటికీల్లోంచి తలలు బయట పెట్టి వెనక్కి తిరిగి నిట్టూర్చమన్నాను. నేను ముందు నుంచి ధరలు చదివేవాణ్ని. సబ్బు ధర చెబితే ఫస్టు గేరు. చక్కెరకి సెకండు. వంటనూనెకి థర్డు. ఇక 'ప్రజలు ఇంకొంచెం ఓర్చుకోవాలి' అని మంత్రిగారు అన్న మాట అన్నట్టే వినిపించానంటే టాపు గేరు! రోడ్డు పక్క చెట్లకి ఆకులు మిగల్లేదు."

"మరి బ్రేకు?" అన్నాడు అల్లుడు.

"ధరలు తగ్గాయట అనేవాణ్ని. అందరూ ఆ అని గాలి లోపలికి పీల్చుకుని నోళ్లు తెరుచుకుని ఉండిపోయేవాళ్లు. బండి ఠక్కున ఆగేది."

మూలన గోడకి ఆనుకుని నిలబడ్డ రేషన్ కొట్టతను మెల్లిగా అడిగాడు. "రివర్సు?"

"నీ తూకం సంగతి ఎత్తేవాణ్ని. అందరూ ముందుకి తిరిగి ఒక్కసారి తిట్టేవాళ్లు. బస్సు గిర్రున వెనక్కి!"

కొట్టు దద్దరిల్లింది. రేషన్ కొట్టతను కూడా తలొంచుకుని నవ్వాడు.

"ఇప్పుడు అసలు సంగతికొస్తున్నా. ఒకరోజు మిట్టమధ్యాహ్నం మన పిల్లకి నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్సులన్నీ మీ దగ్గరున్నాయి. ఆటోలు ఎండకి ఎండి గలగలమంటున్నాయి. ఆసుపత్రేమో మిట్ట ఎక్కాక ఎక్కడో ఉంది. పిల్ల కేక ఈ వీధి చివర నుంచి ఆ చివరికి వినిపిస్తోంది. పుట్టి బుద్ధెరిగాక నన్ను తిట్టడం తప్ప ఇంకో మాట ఎరగని మీ అత్తగారు నా దగ్గరికొచ్చి 'మరిదీ' అంది. అంతే."

అల్లుడి చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. టీ కొట్టావిడ పొయ్యి వైపు తిరిగి మంట సర్దుకుంది.

"పిల్లని సీటు మీద పడుకోబెట్టాను, వీధి వీధంతటినీ కిటికీలకి ఎక్కించాను, సబ్బు, చక్కెర, నూనె, మంత్రిగారు, అన్నీ ఒకేసారి వినిపించాను. బస్సు లేచింది! లేచిందంటే లేచింది అల్లుడూ, చక్రాలు రోడ్డుకో దణ్ణం పెట్టి గాల్లోకి వచ్చేశాయి. అదిగో ఆసుపత్రి, అదిగో నర్సమ్మలు, దిగాలి. 'ధరలు తగ్గాయి, ధరలు తగ్గాయి' అని గొంతు చించుకున్నాను. ఒక్కడు నమ్మితే ఒట్టు! ఆ మాట విని విని చెవులు కాయలు కాశాయి కదా, బ్రేకు అరిగిపోయింది! ఆసుపత్రి దాటాం, ఊరు దాటాం, ఏరు దాటాం. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"యుద్ధం మధ్యలో దిగావు," అన్నాడు దర్జీ.

"సరిగ్గా మధ్యలో! ఇటు మీరు, అటు వాళ్లు. అవతలి సేనాపతి దుర్భిణిలోంచి చూసి 'ఆ బండి దేంతో నడుస్తోంది?' అని కేకేశాడు. 'మా జనం నిట్టూర్పుతో' అన్నాను. 'మీ దగ్గర సబ్బు ఎంత?' అన్నాడు. చెప్పాను. ఆ పెద్ద మీసాలు కిందికి వాలిపోయాయి. 'మా దగ్గర అంతకంటే ఎక్కువయ్యా' అన్నాడు. ఆ మాటతో అటున్న వాళ్లందరికీ ఇంట్లో పెళ్లాలు చెప్పుకుని ఏడ్చినవన్నీ గుర్తొచ్చి, సైన్యం సైన్యమంతా ఒక్కసారి నిట్టూర్చింది. ఇటు మీరూ నిట్టూర్చారు. రెండు గాలులూ గుద్దుకున్నాయి. తూటాలు ఎండుటాకుల్లా తేలిపోయాయి. ఒక ఫిరంగి గుండు నా కిటికీ దాకా వచ్చి, లోపల నొప్పులు పడుతున్న పిల్లని చూసి, సిగ్గుపడి వచ్చిన దారినే పోయింది. సేనాపతి టోపీ ఎగిరింది. టోపీ లేనివాడు చెబితే సైన్యం వింటుందా? వినదు! యుద్ధం అక్కడికి సరి. ఆ గాలికే బస్సు తిరిగొచ్చి ఆసుపత్రి గుమ్మంలో పువ్వులా వాలింది. పిల్లకి కుదుపన్నది తెలిస్తే నా చెవి కోసిస్తా."

మంగలి కళ్లు తుడుచుకుంటున్నాడు. దర్జీ బల్ల మీద పడి దొర్లుతున్నాడు. మాస్టారు మాత్రం వేలెత్తారు.

"పాప పుట్టి మూడు నెలలు. యుద్ధం ఆగింది మొన్న."

"నేను ఆపింది అప్పుడే మాస్టారూ! కాగితాలు ఆఫీసుల్లో కదిలి కదిలి మొన్నటికి తేలాయి."

మాస్టారు వేలు దించేశారు. అల్లుడు నవ్వి నవ్వి పొట్ట పట్టుకున్నాడు. "మామయ్యా, నేను అక్కడే ఉన్నాను కదా. బస్సేదీ రాలేదే?"

"దుమ్ము రేగింది, నీకు కనపడి ఉండదు."

అల్లుడు గ్లాసు పక్కన పెట్టాడు. "అత్తయ్యా, మీరు చెప్పండి. నిజంగా ఎలా వెళ్లారు?"

ఆవిడ చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"బస్సులోనే వెళ్లాం నాయనా. అందులో నూనే లేదు, గాలీ లేదు. తోసుకుంటూ వెళ్లాం. ఇదిగో ఈ దర్జీ, ఈ మంగలి, మాస్టారు, వీధిలో ఆడామగా అంతా. పొద్దున్నుంచి ఏమీ తినకుండా వచ్చి తోసినవాళ్లూ ఉన్నారు. మిట్ట దగ్గర బండి వెనక్కి జారబోతే, సరిగ్గా దాని వెనక వీపు ఆనించి నిలబడింది ఆ రేషన్ కొట్టతను. అప్పటిదాకా అతనితో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. మా మరిది మాత్రం దర్జాగా స్టీరింగు పట్టుకుని సీట్లో కూర్చున్నాడు."

అల్లుడు లేచి నిలబడి ఒక్కొక్కరి మొహమూ చూశాడు. దర్జీ భుజం రుద్దుకుంటూ, "అంత దూరమేం కాదులే బాబూ," అన్నాడు. రేషన్ కొట్టతను నేల చూపులు చూస్తున్నాడు. అల్లుడు వెళ్లి తను కూర్చున్న కుర్చీ తెచ్చి అతని ముందు వేశాడు.

గేరు మామ అందరినీ ఒకసారి కలయజూసి, తొడ చరిచాడు.

"తోశారయ్యా, తోయలేదన్నానా? మరి హారన్ ఎవరు కొట్టారు? ఆ సందుల్లో మీకు దారి ఎవరు ఇప్పించారు? చెప్పు వదినా, ఇంతమందిలో చెప్పు!"

"అదొక్కటీ నిజమే," అంది ఆవిడ. "బండిలో బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. కిటికీలోంచి తల బయట పెట్టి ఆసుపత్రి గుమ్మం దాకా నోటితోనే కొట్టాడు, పాం పాం అని. పిల్ల అంత నొప్పిలోనూ పడీ పడీ నవ్వింది."

అది ఎలా ఉంటుందో అల్లుడికి వినిపించడానికి గేరు మామ అప్పుడే గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

"ఇప్పుడు కొట్టావంటే చీపురు తిరగేస్తాను," అంది వదిన. "పసిది లేస్తుంది."