అంకాలు పక్క మార్చిన కథ

అంకాలు అని ఒకావిడుండేది. గొడ్ల మనిషి. ఊరి చివర పాక, పాకలో నాలుగు బర్రెలు, తెల్లారేసరికి చెంబు పట్టుకుని ఇంటింటికీ తిరిగి పాలు పోసేది. మొగుడు లేడు, పిల్లల్లేరు, ఆ బర్రెలే పిల్లలనుకో. ఏమైందంటే, ఒక వానాకాలం గొంతువాపు జబ్బొచ్చింది. వారం తిరిగేసరికి మూడు బర్రెలు పోయినాయి. నాలుగోది బతికింది గానీ చతికిలబడిపోయింది, మళ్ళా లేవలా. దాన్ని నెల రోజులు సాకిందంట. కింద మెత్తగా వరిగడ్డి పరిచి, పూటకోసారి ఈ పక్కనించి ఆ పక్కకి దొర్లించి, వేపాకు నీళ్ళతో కడిగి. చివరికి అదీ పోయిందనుకో. కానీ ఒంటి మీద ఒక్క పుండు లేకుండా పోయింది. దాన్ని ఈడ్చుకుపోయినోళ్ళు ఆ మాట ఊరంతా చెప్పారంట.

ఆ మాట ఆ నోటా ఈ నోటా పడి పక్కూరి మోతుబరి కోటిలింగం చెవిన పడింది. ఆయన పెళ్ళాం శేషారత్నం. ముసలిదేం కాదు, నలభై దాటినాయో లేదో. ఉన్నట్టుండి పక్షవాతం కొట్టింది. మాట పోయింది, కుడి పక్కంతా పోయింది, ఎడం చెయ్యొక్కటే ఆడుద్ది. కోటిలింగం కబురుపెట్టి, గొడ్డుకి అంత చేసినదానివి మనిషికి చెయ్యలేవా, మా ఇంట్లోనే ఉండి ఆవిణ్ణి చూసుకో, తిండికీ బట్టకీ లోటుండదు అన్నాడంట. సరేనంది అంకాలు. బర్రెలు లేవుగదా, ఏం చేసుద్ది? అప్పుడొచ్చారు అయినోళ్ళంతా. బర్రెలు చచ్చినప్పుడు ఒక్కడు రాలా, ఇప్పుడొచ్చారు! ఏమే, పాలు పోసిన చేత్తో పియ్యెత్తుతావంటే, మా పరువేం కాను అన్నారంట. 'అయితే ఆ పరువునే రోజుకింత ముద్ద పెట్టమను, ఇక్కడే పడుంటా' అని మూట నెత్తినబెట్టుకుని పోయింది.

పోయి ఏం చేసిందంటే, గొడ్డుకి చేసినట్టే చేసింది. పొద్దునో పక్క, మాపటికో పక్క. ఐదోరోజు చూస్తే ఏముంది, తుంటి మీద ఎర్రగా కమిలిపోయి ఉంది. అంకాలు లెంపలేసుకుంది. 'అయ్యో నా బుద్ధి మండ, బర్రె తోలేంది, ఈ తల్లి ఒళ్ళేంది' అని ఏడ్చిందంట. అప్పట్నించి ఎసరు పెట్టి కూడూ కూరా వండుకునేంత సేపటికి ఒకసారి, రాత్రయినా సరే, పక్క మార్చేది. మడత లేకుండా దుప్పటి లాగేది, కాళ్ళ మధ్యన పాత చీరల దిండు పెట్టేది. 'నొప్పిగా ఉంటే నా కొంగు లాగమ్మా' అని కొంగు తెచ్చి ఆ ఎడం చేతిలో పెట్టేది. నెల తిరిగేసరికి కమిలిన చోటు మామూలైంది. శేషారత్నం మొహాన కాస్త నవ్వు కూడా వచ్చిందంట.

ఇక్కడిదాకా బానే ఉంది. ఇక మొదలైనాయి పలకరింపులు. మంచాన పడ్డ మనిషుంటే ఆ ఇల్లు మనోళ్ళకి తిరణాలే గదా! ఏం, కాదా? బండ్లు కట్టుకుని వచ్చారంట. చేతిలో అరడజను బత్తాయిలు, నోట్లో అయ్యో అయ్యో. ఎట్టుండే మనిషి ఎట్టయిపోయిందమ్మా అని ఆవిడ చెవిలో పడేట్టే అనేది, ఇచ్చిన కాఫీ తాగేది, పోయేది. కోటిలింగం తల్లి వర్ధనమ్మకి ఒక పట్టింపుంది. వచ్చినోళ్ళకి వీపు చూపించి పడుకోకూడదంట, మర్యాద కాదంట! 'ఏమే అంకాలూ, మనుషులొచ్చినప్పుడు దాన్ని అటూ ఇటూ దొర్లించబాకు. ఎల్లకిలా పడుకోబెట్టి బొట్టు పెట్టు.' 'పుండు పడుద్దమ్మా' అంటే, 'మా కోడలేమన్నా గొడ్డా' అని కసిరిందంట. పొద్దున వచ్చినోళ్ళు పోకముందే మధ్యాన్నం వాళ్ళు వచ్చేది. నడుం కింద చర్మం పగిలింది. అంకాలు కోటిలింగానికి చెప్పింది. ఆయనేమో, అమ్మ చెప్పినట్టు చెయ్యి అని కండవా దులుపుకుని పోయాడంట. దులుపుకోడానికేం, పుండు ఆయన నడుం మీద లేదుగా!

ఒకరోజు పెద్దకొడుక్కి పిల్లనిస్తామని పైఊరోళ్ళు వచ్చారు. తెల్లారేసరికే శేషారత్నానికి పట్టుచీర కట్టించారు, జరీ ఒత్తుకుంటున్నా సరే. వసారాలో మంచమేసి ఎల్లకిలా పడుకోబెట్టి, వాళ్ళు పోయిందాకా కదిలించనని వర్ధనమ్మ అంకాలు చేత ఒట్టేయించుకుంది. మధ్యాన్నమైంది. వాళ్ళు ఇంకా పొలాల సంగతులే చెప్పుకుంటున్నారు. శేషారత్నం కొంగు లాగింది. అంకాలు వర్ధనమ్మ వంక చూస్తే ఆవిడ కళ్ళురిమింది. మళ్ళా లాగింది. మూడోసారి లాగినప్పుడు చూస్తే, ఆ తల్లి కళ్ళలోంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోతన్నాయంట. మాటలేని మనిషి ఇంకెట్టా చెప్పుద్ది?

అంకాలుకి ఒళ్ళు మండిపోయింది. 'నా ఒట్టు గంగలో కలవ' అని లేచి, అంతమందిలో శేషారత్నాన్ని భుజం కింద చెయ్యేసి పక్కకి తిప్పింది. నడుం దగ్గర చీర కిందకి లాగింది. అరచెయ్యంత పుండు. గప్పున వాసన. వచ్చినోళ్ళు చీరచెంగులు ముక్కులకి అడ్డం పెట్టుకున్నారు. 'చూడండమ్మా! పలకరించను వచ్చారుగా, దీన్ని పలకరించండి! ఆర్నెల్లనించి మీకు మొహం చూపించను ఈ తల్లి వీపు కుళ్ళిపోయింది!' కోటిలింగం పరిగెత్తుకొచ్చి, బయటికి పోవే అన్నాడు. 'పోతానయ్యా. పోయేముందు నువ్వు ఇటు రా. ఊరూరోళ్ళూ వచ్చి చూసిపోయారు నీ పెళ్ళాన్ని. నువ్వు ఒక్కసారన్నా చూశావా?' అంది. ఆయన వచ్చి చూశాడు. చూసి అట్టాగే నేల మీద కూలబడ్డాడంట. ఒరే, జనం చూస్తన్నార్రా అని తల్లి అంటంటే, 'చూడనీ' అని లేచి, పెళ్ళాం భుజం తనే పట్టుకున్నాడంట. 'ఇట్టాగేనా అంకాలూ?' 'కాదయ్యా, చెయ్యి ఇంకాస్త కిందకి.'

ఆ సంబంధం తప్పిపోయింది. పోతే పోయింది, ఇంకోటి కుదిరింది. పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. శేషారత్నం ఆ తర్వాత ఆరేళ్ళు బతికింది, పోయేనాటికి ఒంటి మీద గీత లేదు. ఆ పట్టుచీర గొడవ జరిగిన మర్నాడే అంకాలు ఏం చేసిందంటే, గుమ్మంలో నీళ్ళ గాబు, సబ్బుబిళ్ళ పెట్టింది. ఎవరన్నా పలకరించను వస్తే, 'రండమ్మా, చేతులు కడుక్కోండి, పక్క మార్చాలి, తలా ఒక చెయ్యి వెయ్యండి' అనేదంట. అంతే. వారంలో బండ్లు రావడం ఆగిపోయింది. బత్తాయిలూ లేవు, అయ్యో అయ్యోలూ లేవు. ఆరేళ్ళలో ఆ గాబు దగ్గర ఆగి చేతులు కడుక్కున్నోళ్ళు ఎంతమందో తెలుసా? ఇద్దరు. ఒకావిడ చాకలి మంగమ్మ, ఇంకొకాయన బడిపంతులు. ఇదంతా నీకెట్టా తెలుసని అడగబోతన్నావుగా? ఆ పట్టుచీర రోజున ఆ వసారాలో కూచుని కాఫీ తాగినదాన్ని నేను. ముక్కు మూసుకున్నదాన్ని కూడా నేనే. ఆ గుమ్మం మళ్ళా తొక్కలా.