మార్తమ్మ ఒదిన ఎర్రపెట్ట

"అమ్మమ్మా, చర్చిలో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్పమన్నప్పుడల్లా నువ్వు తలొంచుకుని కూర్చుంటావేంటి?"

ఓసి నీ దుంపతెగ, అది కూడా నీ కంట్లో పడిందా? ఆ ఫోను అక్కడ పెట్టావేంటే? రికార్డింగా? పెట్టు పెట్టు. పాస్టరు అయ్యగారికి మాత్రం వినిపించమాక. పోనీలే, వినిపించినా ఏంకాదు, ఆయనింకా పిల్లాడు. ఇది ఆయన పుట్టకముందు సంగతి.

ఎప్పుడంటే... డెబ్బయ్యేడు ఉప్పెన రాకముందు. రెండేళ్ళ ముందో, కాదు కాదు, మూడేళ్ళ ముందు. మీ పెద్దమామయ్య పలక పట్టుకుని బడికెళ్తన్నాడు, చిన్నమామయ్య నా చంకలో ఉన్నాడు. మీ అమ్మ ఇంకా పుట్టలేదు. మీ తాతయ్యకి టీబీ వచ్చింది. అప్పుడా మాట ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు, "ఆ దగ్గు" అనేవాళ్ళు. రైసుమిల్లులో బస్తాలు మోసిన మనిషి, నీళ్ళ చెంబు ఎత్తలేకపోయాడు. దగ్గితే రక్తం. మంగళగిరి ఆస్పత్రిలో చేర్చాం. రోజూ సూది, పాలు, గుడ్డు. గుడ్డంటే గుర్తొచ్చింది, అప్పుడు పావలాకొచ్చేది గుడ్డు. ఇప్పుడెంత? వద్దులే, చెప్పమాక.

నేనేమో ఇక్కడ నాట్లకెళ్ళడం, పిల్లల్ని చూసుకోడం, నెలకో ఆదివారం ఆరాధన అవగానే బస్సెక్కి ఆయన దగ్గరికెళ్ళడం. బెజవాడలో దిగి మళ్ళీ బస్సు మారాలి. అట్టా నాలుగు నెలలు.

మార్తమ్మ ఒదినని నువ్వు చూళ్ళేదుగా? మన పక్కిల్లే. వరసకి నాకు ఒదినవుద్ది. మంచి మనిషి, అబద్ధం ఎందుకాడాలి. నేను నాట్లకెళ్తే నా పిల్లలకి అన్నం పెట్టిందావిడే. కానీ ప్రార్థనలో కూర్చుందంటే పోలీసోళ్ళు నయం. శుక్రవారం ఉపవాస కూడికకి పెద్ద ఆవిడే. ఆవిడకొక పట్టింపు ఉండేది. ఎవరింట్లోనైనా జబ్బు చేసిందంటే, ఎక్కడో దాచిన పాపం ఉన్నట్టేనంట. అది ఒప్పుకుంటేగానీ జబ్బు పోదంట.

ఇంకేముంది, వరసబెట్టి మూడు శుక్రవారాలు మా ఇంట్లోనే కూడిక. పదిమంది ఆడోళ్ళు నా చుట్టూ. "కరుణమ్మా, వెతుక్కోవే, ఏదో ఉంది" అనేది. "సినిమాకెళ్ళావా?" అంది. "పెళ్ళికాకముందు ఒకసారి వెళ్ళా ఒదినా" అన్నా. "అది కాదు, ఇంకా పెద్దది. అత్తగారితో పోట్లాడావా?" అంది. "అది రోజూ ఉండేదేగా" అన్నా. ఆడోళ్ళంతా కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు, ఆవిడొక్కతే నవ్వలేదు.

నేను ఇట్టా ఎకసెక్కాలు ఆడేదాన్ని గానీ, లోపల మాత్రం వణుకే, తెల్సా? నిజంగా నా వల్లే ఆయనకీ రోగం వచ్చిందా అని. నాటేస్తా నాటేస్తా చిన్నప్పట్నుంచి చేసినయ్యన్నీ ఏరుకునేదాన్ని. కన్నీళ్ళు మడిలో పడతా ఉంటే ఎవరికీ కనపడేయి కాదు, అదొక్కటే సుఖం.

మూడో శుక్రవారం పొద్దు వాలిపోతంది. కూడిక అవలా. పిల్లలు అన్నం అన్నం అని ఏడుస్తన్నారు, నా నడుం విరిగిపోతంది. ఈవిడేమో "ఒప్పుకో, ఒప్పుకో" అంటంది. నాకు ఒళ్ళు మండింది. పది రోజుల కిందట వాళ్ళ ఎర్రపెట్ట కనపడకుండా పోయిందిలే, ఊరంతా వెతికింది ఆవిడ. ఠక్కున నోట్లోంచి వచ్చేసింది: "ఒదినా, మీ ఎర్రపెట్టని నేనే కోసుకు తిన్నా!"

ఏంటే ఆ నవ్వు? ఒట్టు, తిన్లేదే! ఈకైనా ముట్టుకోలా. ఆ కూడిక అయిపోవాలి, అంతే.

అయిపోయింది మరి! మార్తమ్మ ఒదిన నన్ను వాటేసుకుని ఏడ్చింది. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, "బైబిలు వాక్యప్రకారం నాలుగింతలు తిరిగియ్యాలి కరుణమ్మా" అంది. నాకుందే ఒక్క నల్లపెట్ట. మిగతా మూడూ ఎక్కణ్ణించి తెచ్చేది? "సరే, నీ కష్టం చూసి దేవుడు ఒక్కదానితో సరిపెట్టుకుంటాడులే" అని నా నల్లపెట్టని చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

అసలు తమాషా ఇప్పుడు విను. బుధవారం కార్డొచ్చింది మంగళగిరి నుంచి. పక్క మంచం ఆయన చేత రాయించాడు మీ తాతయ్య. శనివారం నుంచి రక్తం పడటం లేదు, డాక్టరు గారు కూడా పర్లేదన్నారు, అని. చూశావా? శుక్రవారం నేను ఒప్పుకున్నా, శనివారం రక్తం ఆగింది!

ఆదివారం మార్తమ్మ ఒదిన సాక్ష్యానికి లేచింది. కోడి దగ్గర మొదలెట్టి కార్డు దాకా చెప్పింది. అందరూ చప్పట్లు, హల్లెలూయలు. అయ్యగారు, అప్పటి పెద్దయ్యగారు, నన్ను చూసి తలూపారు. నేను నేలకేసి చూస్తా కూర్చున్నా. నిజం చెప్దామని నాలిక చివరిదాకా వచ్చింది. చెప్తే? ఆ అబద్ధానికే నయం చేశాడేమో, వెనక్కి తీసుకుంటే మళ్ళీ రక్తం పడుద్దేమో! నోరు మూసుకున్నా. పైగా నా చేతే ఆమెన్ అనిపించారు.

తర్వాతి శుక్రవారం కూడిక మార్తమ్మ ఒదినింట్లో. అందరం కళ్ళు మూసుకుని ఉన్నాం. ఒదిన గట్టిగా ప్రార్థన చేస్తంది, "ప్రభువా, దొంగతనం ఒప్పుకున్న నీ బిడ్డని..." అంటా. ఇంతలో కియ్ కియ్ మని చప్పుడు. నేను ఒక కన్ను తెరిచా. చూద్దును కదా, వాళ్ళ గడ్డివాము కింద నుంచి ఎర్రపెట్ట వస్తంది! వెనకాల తొమ్మిది పిల్లలు! మహారాణి లాగా నడిచొచ్చి చాప మధ్యలో నిలబడి కొక్కొక్కో మంది. ఎక్కడో దొంగచాటుగా గుడ్లు పెట్టుకుని పొదిగిందిలే ఇన్నాళ్ళూ.

మార్తమ్మ ఒదిన కూడా ఒక కన్ను తెరిచింది. కోడిని చూసింది. నన్ను చూసింది. మళ్ళీ కోడిని చూసింది. ఆమెన్ అనడం ఎవరికీ తట్టలా.

ఇంకో సంగతి. నా నల్లపెట్టని ఆవిడ అప్పటికే పులుసు పెట్టుకుంది. మరి కోడిని తిన్నదెవరే? ఆవిడేగా! ఆ మాట అందామనుకున్నా గానీ ఆవిడ మొహం చూస్తే భయమేసింది. తెల్లగా పాలిపోయింది. "దేవుడి ముందు అబద్ధమాడావా కరుణమ్మా? ఇక నీ మొగుణ్ణి ఆ దేవుడే చూసుకోవాలి" అంది. కోపంతో కాదే, నిజంగా భయపడి అంది. అందుకే గుచ్చుకుంది నాకు. సాక్ష్యమంటే నేను లేవకపోవడం అప్పట్నుంచే.

మర్నాడు పొద్దున్నే పిల్లల్ని మా అమ్మ దగ్గర వదిలేసి బస్సెక్కా. బెజవాడ దాకా దేవుడితో బేరాలాడతానే ఉన్నా. తప్పయింది, చెంపలేసుకుంటా, నెలంతా ఉపవాసముంటా, ఆయన్ని మాత్రం తీసుకుపోమాక అని. బస్సు బ్యారేజీ ఎక్కింది. కిందంతా నిండు కృష్ణ. అది చూస్తంటే నా మీద నాకే నవ్వొచ్చింది. నా అబద్ధానికి మురిసిపోయి నయం చేసి, కోడి బయటపడగానే అలిగే దేవుడైతే, ఆయనకీ మార్తమ్మ ఒదినకీ తేడా ఏముందే? అప్పుడనుకున్నా, "తండ్రీ, నా దగ్గర నీకిచ్చేదేం లేదు. ఉన్న ఒక్క పెట్టా పోయింది. ఆయన్ని ఉంచినా నువ్వే, తీసుకున్నా నువ్వే. నన్ను మాత్రం వదలమాక" అని. అంతే. ఇంకేం అడగలా. అది అన్నాక ఏడుపొచ్చింది, బస్సులోనే గట్టిగా ఏడ్చేశా.

మీ తాతయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు గానీ మొహంలో కళొచ్చింది. కోడి సంగతంతా చెప్పా. చాప మధ్యలో కొక్కొక్కో దాకా వచ్చేసరికి పడీపడీ నవ్వాడు. ఆ జబ్బు చేశాక ఆయన నవ్వడం అదే మొదలు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. వార్డంతా వినపడేట్టు దగ్గాడు, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని. నేను ఎప్పుడెళ్ళినా ముందు ఆ గుడ్డ లాక్కుని చూసేదాన్ని, ఎర్రగా ఉందా అని. ఆ రోజు ఆయన దగ్గు ఆపుకుని, గుడ్డ నా ముందుకి చాపి, "ఏమే, చూడవా?" అన్నాడు.

"చూడను" అన్నా. మడత పెట్టి తలగడ కింద పెట్టేశా. పెట్టేసి, తెచ్చిన గుడ్డు పెంకు తీసి చేతికిచ్చా.

"ఉందా అమ్మమ్మా మరి? రక్తం?"

నాకేం తెల్సే, చూళ్ళేదంటంటే! ఆ మరుసటేడు మీ అమ్మ పుట్టింది, నాకు తెల్సిందంతే. ఇట్రా, తల దగ్గరికి పెట్టు. నీక్కూడా ఒక రోజొస్తదమ్మా, చూడకుండా మడత పెట్టాల్సిన రోజు. ఆ రోజు నీ చెయ్యి వణక్కుండా ఆ దేవుడే పట్టుకోవాలి... వణికినా పర్లేదులే, నాదీ వణికింది...